పాట కింద గొంతు

టేపు లోపలికి వెళ్లింది, మిషను కాసేపు గొణిగి దాన్ని సర్దుకుంది, కంప్యూటర్ తెర మీద తెల్ల గీతలు వణికి వణికి కుదురుకున్నాయి, ఆ వెంటనే వయొలిన్లు మొదలయ్యాయి. వయొలిన్లే మొదలవుతాయని చిన్నమ్మాయికి ముందే తెలుసు. తెలిసే కూర్చుంది. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి గంట పడుతుంది. అన్నం ఉడకడం ఆలస్యమైతే మంట పెంచొచ్చు, దీనికి ఆ సదుపాయం కూడా లేదు. అప్పుడు ఎంతసేపు నడిచిందో ఇప్పుడూ అంతసేపే నడుస్తుంది, ఎదురుగా కూర్చుని చూడవలసిందే. చూడకుండా లేచి వంటింట్లోకి వెళ్లొచ్చు, ఎవరు వద్దన్నారు, ఆదివారం మధ్యాహ్నం, షాపు లేదు, కళ్లజోళ్ల కోసం వచ్చినవాళ్లని గోడ మీది అక్షరాలు చదవమనే పని లేదు, ఇది బాగుందా ఇందాకటిది బాగుందా అని అద్దాలు మార్చి మార్చి అడిగే పని లేదు. అయినా లేవలేదు. యాభై దగ్గరపడుతున్నా ఇంట్లో ఆమె ఇంకా చిన్నమ్మాయే, పేరు పెట్టి పిలిచేవాళ్లు షాపులోనే ఉన్నారు, ఇంట్లో పిలవగలిగిన నాన్న పోయాడు, ఉన్న అక్క పిలవలేదు. అక్క పక్కగదిలో నిద్రపోతోంది. తలుపు ఓరగా వేసి ఉంది.

మిషను ముందువైపు చిన్న మూత ఉంది, ఆ మూత కింద వేలిగోరంత మీట. దాన్ని కుడికి జరిపితే వయొలిన్లు పోతాయి. వాటి కింద ఉన్నది వినిపిస్తుంది. ఇది చిన్నమ్మాయికి ఇవాళ కొత్తగా తెలిసిన సంగతి కాదు, నాన్న బతికుండగా స్టూడియోలో స్టూలు మీద కూర్చుని ఆయన పని చేస్తుంటే చూస్తూ నేర్చుకున్నదే. నాన్న పెళ్లి వీడియోలు తీసేవాడు. పెళ్లివాళ్లకి మాటలు అక్కర్లేదు, మాటలంటే గోల, ఎవడో ఎవణ్ణో తిట్టేవాడు, ఎవరో ముక్కు చీదేవాళ్లు, భోజనాల దగ్గర కుర్చీ కోసం కొట్లాట, అవన్నీ టేపులో పడితే మర్యాదగా ఉండదు కాబట్టి నాన్న మొదటి నుంచి చివరిదాకా మ్యూజిక్ పోసేసేవాడు. "పైన పాట పోస్తాం, కింద గోల అలాగే ఉంటుందమ్మా, అది చెరగదు. బొమ్మతో కలిసి పడిన గొంతు బొమ్మతోనే ఉంటుంది," అనేవాడు. అలవాటైన చెయ్యి ఆగుతుందా, ఇంట్లోవాళ్ల టేపుల మీద కూడా అదే మ్యూజిక్ పోశాడు. ఎవరూ అడగలేదు. సొంత మనవరాలి వీడియోకి పెళ్లివాళ్లకి ఇచ్చిన మర్యాదే ఇచ్చాడు, అది ఆయనకి ప్రేమ. మీట ఆయన పెట్టిన చోటే, ఎడమకే ఉంది. చిన్నమ్మాయి మూత తెరిచి చూసింది, దుమ్ము ఊదింది, మళ్లీ మూసింది.

తెర మీద పాత ఇంటి వరండా, ఆ వరండాలో అక్క, చెల్లెలు, మధ్యలో కుర్చీలో అమ్మ, అప్పటికింకా ఉంది అమ్మ, ముగ్గురూ ఊపిరి బిగబట్టి కెమెరా వైపు చూస్తున్నారు. కదలరు. ఫొటోలతో మొదలైన నాన్న వీడియోకి మారినా ఆ మొదటి నిమిషం కదలకండి అనే అనేవాడు, వీళ్లేమో నిజంగానే కదిలేవాళ్లు కాదు, గాలికి అమ్మ చీర కొంగు ఒక్కటే ఎగురుతోంది. తర్వాత ఆ వరండా ముడుచుకుని గుండె ఆకారమై, గుండె తిరిగి తిరిగి చుక్కయి, ఆ చుక్కలోంచి పాప పుట్టింది. కొత్త దంపతుల కోసం కొన్న గుండెలు, నాన్న దొరికిన చోటల్లా వాడేశాడు. చిన్నమ్మాయికి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగింది, ఎందుకంటే అక్క కదిలింది. పాపని ఎత్తుకుని అటూ ఇటూ నడుస్తూ ఏదో అంటోంది, నోరు కదులుతోంది, పెదాలు గుండ్రంగా అవుతున్నాయి, పళ్లు కనిపిస్తున్నాయి, మెడ నున్నగా, నిండుగా ఉంది. ఏమంటున్నావే అక్కా. వయొలిన్లు ఊగిపోతున్నాయి.

ఆ మెడ. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది అని మొదటిసారి అన్నది మేడ మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి, ఆ మాట బాగా గుర్తుంది, దుప్పటి అంచున ఉన్న చారలు గుర్తున్నాయి, అక్క చేతిలో క్లిప్పులు గుర్తున్నాయి. కానీ ఆ మాటని చెవిలో వినబోతే వినిపించేది చిన్నమ్మాయి గొంతే. ఇంకో మాట పట్టుకుంది. ఆపరేషన్ గది తలుపు దగ్గర, చక్రాల మంచం మీద పడుకుని, చెల్లెలి చెయ్యి వదిలించుకుంటూ, "నా చెప్పులు కొత్తవి, ఎవరైనా వేసుకుపోతారు, చూస్తుండు," అంది. అదే అక్క నోట వచ్చిన ఆఖరి మాట. ఏదైనా పెద్ద మాట అనుంటే బాగుండేది, ఎవరికి తెలుసు ఆఖరిదని, డాక్టర్ కూడా గడ్డ తీస్తామన్నాడు గానీ గొంతే తీసేస్తామని తలుపు దాటేదాకా గట్టిగా చెప్పలేదు. ఆ చెప్పుల మాట కూడా ఇప్పుడు చిన్నమ్మాయి గొంతుతోనే వినిపిస్తోంది. తన చెప్పులు తనకే అప్పజెప్పుకుంటున్నట్టు. ఎప్పుడు జరిగిందిది, ఏ రోజున అక్క గొంతు తన జ్ఞాపకాల్లోంచి లేచి వెళ్లిపోయి తన గొంతు వచ్చి కూర్చుంది, కిరాయికి వచ్చినవాళ్లు ఇల్లు రాయించుకున్నట్టు. నీళ్లు తాగాలి అనుకుంది గానీ తాగలేదు.

తెర మీద ఇప్పుడు ఈతకొలను. అక్క గట్టు మీద నిలబడి, ఈల మెళ్లో వేసుకుని, నీళ్లలో ఉన్న పిల్లలకి చేతులు ఎలా సాచాలో చూపిస్తోంది. అరుస్తోంది కూడా, ఒళ్లంతా నోరు చేసుకుని అరుస్తోంది, మెడనరాలు ఉబ్బుతున్నాయి, ఆ అరుపుకి కొలను అవతలి గట్టున ఉన్న పిల్లాడు ఉలిక్కిపడి మునిగి తేలాడు. అంత అరుపూ వయొలిన్లలో కలిసిపోయింది. ఆపరేషన్ తర్వాత అక్క మళ్లీ నీళ్లలోకి దిగలేదు. మెడ మీద ఊపిరి కోసం పెట్టిన రంధ్రంలోకి చుక్క నీరు పోయినా ప్రమాదమే, తలస్నానం కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి, భయంభయంగా. గొంతు పోయినందుకు ఏడవని మనిషి కొలను ఉద్యోగం పోయినందుకు ఏడ్చింది, శబ్దం లేని ఏడుపు ఎంత భయంగా ఉంటుందో అప్పుడు చూసింది చిన్నమ్మాయి. ఆ తర్వాత బావ మెల్లగా రావడం తగ్గించాడు, రావడం మానేశాడు, ఎక్కడో వేరే సంసారం పెట్టుకున్నాడని తెలిసింది, తెలిసిన రోజున అక్క పలక మీద "పీడా పోయింది" అని రాసింది. చిన్నమ్మాయి దాన్ని పైకి చదివింది. పీడా పోయింది, అంది గట్టిగా, ఎవరికోసం చదివిందో తెలియదు, ఇంట్లో ఉన్నది ఇద్దరూ, ఊయల్లో పాప.

పలక ఇలా వచ్చింది ఇంట్లోకి. గొంతుకు ఆనించి మాట్లాడే మిషను ఒకటి ఇచ్చారు ఆసుపత్రివాళ్లు, తేనెటీగ డబ్బాలో చిక్కుకున్నట్టు మోగేది, పాప దాన్ని విని గుక్కపట్టి ఏడిచింది, అంతే, అది అటక ఎక్కింది. అక్క రాస్తుంది, చెల్లెలు చదువుతుంది. కూరగాయల దుకాణంలో, ఇదేం ధరయ్యా, నిన్న ఇంత లేదే. బడిలో టీచర్‌తో, నా కూతురు లెక్కల్లో వెనకబడితే నాకు చెప్పాలి కదా, పరీక్ష అయ్యాక చెబితే ఏం లాభం. నేను, నాకు, నా కూతురు. మొదట్లో అక్క అంటోంది అని కలిపేది, ఎంతకని కలుపుతుంది, నాలుగు రోజులకి ఆ తోక ఊడిపోయింది. ఒక్క అక్షరం మార్చేది కాదు. అదొక్కటే ఆమె పెట్టుకున్న నియమం, ఎంత కోపంలోనైనా, ఎవరి ఎదుటైనా. కోపం వస్తే అక్క బలపం విరిగేలా రాసేది, "చిన్నమ్మాయి ఒట్టి మొద్దు, పాలు పొంగిపోయేదాకా చూస్తూ నిలబడింది" అని రాస్తే అది కూడా చదవాల్సిందే, పాప పడీపడీ నవ్వేది, మొద్దు పిన్నీ మళ్లీ చదువు అనేది. మళ్లీ చదివేది. తనని తాను తిట్టుకుంటూ, తనని తాను క్షమించుకుంటూ, ఆ ఇంట్లో ఇద్దరు మనుషుల మాటలు ఒక్క నోటితో నడిపించింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, అక్కకి మాట సాయం ఎవరు అనేది, అదేదో త్యాగమని కాదు, పక్కింటికి వెళ్లి అరగంట కూర్చున్నా ఇంట్లో ఎవరో నోరు మూసుకుని ఎదురుచూస్తున్నారని అనిపించేది.

ఒకరోజు పాప అడిగింది. బడికి వెళ్లే వయసు, జడలు వేస్తుంటే అద్దంలోంచి చూస్తూ అడిగింది. "పిన్నీ, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

"నా గొంతులాగే ఉండేది. ఫోన్‌లో ఎవరికీ తేడా తెలిసేది కాదు."

అంది. ఆలోచించి అన్నదా, జడ ఊడిపోతుందన్న హడావుడిలో అన్నదా, ఏమో. పాప ముఖం విప్పారింది. ఆ రోజు నుంచి పాపకి అమ్మ గొంతు దొరికింది. కళ్లు మూసుకుని, చదువు పిన్నీ, అమ్మ రాసింది చదువు, అనేది, మూసిన కళ్ల ముందు ఎవరిని పెట్టుకునేదో తెలుస్తూనే ఉండేది. జ్వరం వచ్చినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, మొదటి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు. జడ వేసిన ఆ రోజు అక్క కూడా అక్కడే ఉంది, అద్దంలో ముగ్గురూ కనిపించారు, ఆమె తల అడ్డంగా ఊపలేదు, పలక తీసుకోలేదు. కాదనలేదంటే నిజమనేగా. నిజమే అనుకుంది చిన్నమ్మాయి, చెప్పగా చెప్పగా తనే నమ్మింది. ఇప్పుడు పాపకి నెలలు నిండుతున్నాయి, రక్తపరీక్షల ల్యాబులో పొద్దస్తమానం నిలబడి కాళ్లు వాచినా మానదు, టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఈ చిన్న డబ్బా తనే కొనుక్కొచ్చి, వైర్లు తనే పెట్టి, "పుట్టేవాళ్లకి అమ్మమ్మ గొంతు వినిపించాలి పిన్నీ, నీది ఎలాగూ వింటారు, అసలుది ఒక్కసారైనా వినాలి," అంది. అసలుది అంది. మామూలుగానే అంది, అందులో ఎత్తిపొడుపేమీ లేదు. చిన్నమ్మాయికే ఆ మాట పళ్లలో ఇరుక్కున్న పీచులా వారం రోజులుగా ఉండిపోయింది.

ఒకవేళ తన గొంతులాగే ఉంటే. ఉంటే ఇంకేం, హాయి. లేకపోతే. లేకపోతే పాప ఇన్నేళ్లూ విన్నది ఎవరిని. జ్వరంలో పట్టుకుని పడుకున్నది ఎవరి గొంతుని. దొంగతనమా అది, అరువా, సాయమా. మీట జరపకపోతే ఏమవుతుంది, పాటలే ఉన్నాయమ్మా, మీ తాతయ్య సంగతి తెలుసుగా, అన్నీ పాటలతో నింపేశాడు అంటే సరిపోతుంది, ఎవరు వచ్చి మూత తెరిచి చూస్తారు, ఈ మిషను ఇంకో టేపుకి పనిచేస్తుందో లేదో, ఇప్పటికే లోపల ఏదో కీచుమంటోంది. అబద్ధం కూడా కాదు, పాటలు నిజంగానే ఉన్నాయి. టేపు సగం దాటింది. తెర మీద పెరటి గచ్చు, నీలం ప్లాస్టిక్ తొట్టి, అక్క పీట వేసుకుని కూర్చుని పాపకి నీళ్లు పోస్తోంది. పాప చేతులు కొట్టుకుంటోంది. అక్క వంగి, ముక్కుకి ముక్కు ఆనించి, ఏదో అంది. ఏమంది. ఆ పిల్లతో ఏమంది. ఆ పిల్ల విన్నది, దాని చెవులు విన్నాయి, దానికి గుర్తులేదు, ఆ మాట దానిది, మ్యూజిక్ కింద పడి ఉన్నది దాని సొమ్ము. చిన్నమ్మాయి మూత తెరిచింది. తిట్టుకుంది, మొద్దు, అని, పైకే. మీట కుడికి జరిపింది.

ముందు హోరు. పంపు నీళ్లో, గాలో. తర్వాత కాకి, కుక్కర్, గిన్నె కిందపడిన మోత, నాన్న దగ్గు, అబ్బ నాన్న దగ్గు, కెమెరాకి ఎంత దగ్గరగా ఉందో భుజం మీదే దగ్గినట్టుంది. "కదలకండి, కదలకండి." ఆ తర్వాత ఒక గొంతు.

"నాన్నా, ఇది వీడియో. మేం కదలొచ్చు. ఏంటే, నీళ్లంటే భయమా? మీ అమ్మ నీళ్లలోనే బతుకుతోంది, నీకేంటే భయం? కొట్టు, కొట్టు చేతులు. అద్దీ. చిన్నమ్మాయ్, తువ్వాలు. తువ్వాలంటే తువ్వాలే, కబుర్లు కాదు."

"తెస్తున్నా అక్కా," అంది దూరంగా ఇంకో గొంతు, సన్నగా, పిట్టలా. అది తనది. ఆ రెండింటికీ పోలికే లేదు. అక్కది మందంగా, బొంగురుగా, ఇసుక మీద బండి లాగినట్టు ఉంది, మాట పూర్తవకముందే నవ్వు వచ్చేస్తోంది, నవ్వులో మాట చివర మునిగిపోతోంది. పేరు పెట్టి పిలిస్తే వీధి చివరనుంచి వెనక్కి తిరిగేలాంటి గొంతు. ఇంత గొంతుని ఎలా మరిచిపోయింది. ఏ మూల ఆనవాలు కూడా లేదు, పరాయి మనిషి మాట్లాడుతున్నట్టు ఉంది, అక్క ముఖంలోంచి ఎవరో పరాయి ఆవిడ. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ అవి ఆ గొంతు దొరికినందుకా, గుర్తుపట్టలేనందుకా. వేలు ఇంకా మీట మీదే ఉంది. వెనక్కి జరిపెయ్, అంది లోపల ఏదో, వెనక్కి జరిపెయ్, ఇంకా ఏం మించిపోలేదు. ఫోన్‌లో ఎవరికీ తేడా తెలిసేది కాదట. ఎవరికి తెలియలేదు, ఎవరు ఫోన్ చేశారు, ఒక్క మనిషిని చూపించు. జడ వేస్తూ ఎంత సులువుగా అనేసింది. నాన్న మాటల మీద పాటలు పోశాడు, పాటల మీద తను తన గొంతు పోసింది.

తలుపు కిర్రుమంది. అక్క. నిద్రలోంచి లేచి వచ్చింది, కానీ జుట్టు సర్దుకుని, చీర సరిచేసుకుని, మెడ చుట్టూ బయటివాళ్ల ముందు మాత్రమే కట్టుకునే శుభ్రమైన గుడ్డ కట్టుకుని వచ్చింది. ముఖంలో అతిథి కోసం తెచ్చిపెట్టుకున్న నవ్వు. గదిలో చుట్టూ చూసింది, ఎవరూ కనిపించక, చేతిలో పలక చెల్లెలి వైపు తిప్పింది. లోపలే రాసి తెచ్చింది. "ఎవరొచ్చారు?"

చిన్నమ్మాయి అలవాటుగా చదవబోయింది. ఎవరొచ్చారు అని సగం పెదాల మీదికి వచ్చింది, ఆగిపోయింది. "ఎవరూ రాలేదక్కా," అంది. "నువ్వే."

అక్కకి అర్థం కాలేదు. తెర వైపు చూసింది. తొట్టి దగ్గర తను. తన నోరు కదులుతోంది, గదిలో ఆ బొంగురు గొంతు మోగుతోంది, రెండూ కలుస్తున్నాయి. మంచం అంచున మెల్లగా కూర్చుంది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. చెయ్యి మెడగుడ్డ దాకా వెళ్లి దిగింది. తెర మీద అక్క పాప ఒళ్లు తుడుస్తూ ఏదో ఊరూ పేరూ లేని పాట కూనిరాగం తీస్తోంది, శ్రుతి లేదు, సిగ్గు లేదు. బలపం కదిలింది. "ఇంత మోటుగా ఉండేదా?" చిన్నమ్మాయి చదవలేదు. అక్క అరచేత్తో తుడిచి మళ్లీ రాసింది, ఈసారి బలపం నొక్కకుండా, అక్షరాలు మసగ్గా. "దానికి వద్దు. దానికి నీ గొంతే అమ్మ గొంతు. ఉండనీ."

ఇదేగా ఇందాకటి నుంచి మనసు అడుగుతున్నది. అక్కే ఇస్తోంది, చేత్తో రాసి ఇస్తోంది, కాదనడానికి తనెవరు. ఎప్పుడైనా కాదందా. హాయిగా ఉండాలి కదా, ఎందుకు హాయిగా లేదు. అక్క తన గొంతు తనే విని ఎవరొచ్చారు అని అడిగింది. నవ్వు ముఖం పెట్టుకుని, మెడ కప్పుకుని, మర్యాదగా.

ఫోన్ మోగింది. పాప. చిన్నమ్మాయి ఎత్తింది, టేపు నడుస్తూనే ఉంది, ఆపలేదు.

"అయిందా పిన్నీ? ఏమైనా వినిపించిందా? ... ఎవరో మాట్లాడుతున్నారు. ఇంటికి ఎవరొచ్చారు?"

అక్కకి ఆ మాట వినిపించింది. చప్పున రాసింది, పలక ఎత్తి చెల్లెలి ముఖం ముందు పెట్టింది. "పక్కింటావిడ అని చెప్పు." కళ్లతో బతిమాలింది. అక్క ఎవరినీ బతిమాలదు, డాక్టర్‌ని బతిమాలలేదు, బావని బతిమాలలేదు. చిన్నమ్మాయి ఆ అక్షరాలు చూసింది, ఒక్కటీ వదలకుండా లోపలే చదువుకుంది.

"మీ అమ్మ," అంది ఫోన్‌లో. "నా గొంతులా ఉండదమ్మా. ఎప్పుడూ లేదు. ఇదిగో, విను."

ఫోన్ తీసుకెళ్లి స్పీకర్ పక్కన పెట్టింది. తెర మీద మళ్లీ ఈతకొలను. కొట్టు, కొట్టు చేతులు, అంటోంది ఆ గొంతు. అక్క పలకని ఒళ్లో బోర్లా పెట్టుకుంది.